పాకాన్ని తూచాలి, కొలవకూడదు

నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని పల్లెల్లో బొరుగుల ఉండలో, బుడ్డల ఉండలో చుట్టని ఇల్లు అరుదు. పాకం కుదిరితే ఉండ నిలబడి కరకరలాడుతుంది. లేతైతే విడిపోతుంది, ముదిరితే పన్ను దిగదు. అప్పుడు చేసినవాళ్ల చేతిని ఆడిపోసుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు కొలిచిన గిన్నెది.

పెద్దవాళ్లు ఈ విషయంలో మనకంటే జాగ్రత్తపరులు. బియ్యం, జొన్నలు, పాలు గిద్ద, సోల, మానికలతో కొలిచినా, బెల్లాన్ని మాత్రం తక్కెడలో వేసి తులాల్లో, వీశెల్లో తూచేవారు. వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో దాదాపు 1400 గ్రాములు. 1958 అక్టోబరులో మెట్రిక్ తూనికలు మొదలయ్యాక వీశె పోయి కిలో వచ్చింది. అంగట్లో బెల్లం ఇప్పటికీ తూకానికే అమ్ముతారు. మన వంటింట్లోకి వచ్చేసరికే అది ‘ఒక కప్పు బెల్లం’ అయిపోతుంది. ఎవరింటి కప్పు? తురిమి అదిమారా, గడ్డలే వేశారా? గడ్డల మధ్య ఉన్న గాలినీ బెల్లం కిందే లెక్కకడుతున్నాం.

పాకం దగ్గర చిక్కు ఇంకా పెద్దది. 200 మిల్లీలీటర్ల గ్లాసుకు నీళ్లయితే 200 గ్రాములు. చక్కెర, నీళ్లు సమాన బరువులో తీసుకుని కరిగించి చల్లారిస్తే అదే గ్లాసు 246 గ్రాములు తూగుతుంది. నీళ్లకు రెండింతల చక్కెర వేస్తే 265. తేనె 280 దాటుతుంది. కాబట్టి ‘గ్లాసు పాకం’ అన్న మాటను గ్రాముల్లోకి మార్చాలంటే ముందు అది ఏ పాకమో తెలియాలి. మిల్లీలీటర్లను సమపాళ్ల పాకానికైతే 1.23తో, రెండింతల పాకానికి 1.33తో, తేనెకు 1.4తో హెచ్చవేయాలి. ఇవి చల్లారిన పాకం లెక్కలు. వేడి మీద పాకం వ్యాకోచిస్తుంది కనుక అదే గ్లాసులో బరువు కొంత తగ్గుతుంది. గ్లాసుకు అంటుకుని మిగిలిపోయేది సరేసరి.

ఇంతకంటే మేలైన దారి బాణలినే తూచడం. ఖాళీ బాణలి బరువు ముందే రాసుకుని కిలో చక్కెర వేయండి. నీళ్లు ఎన్ని పోశామన్నదానితో పెద్దగా పని లేదు, మరిగేకొద్దీ అవి పోయేవే. చివరికి ఎన్ని మిగిలాయన్నదే పాకాన్ని తేలుస్తుంది. బాణలి బరువు తీసేశాక 1250 గ్రాములుంటే చక్కెర నూటికి 80 పాళ్లు, వేళ్ల మధ్య తీగ సాగుతుంది. సుమారు 1175కు దిగితే 85 పాళ్లు, చన్నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కడుతుంది. 1150 దగ్గర గట్టి ఉండ. మెత్తని ఉండకూ గట్టి ఉండకూ నడుమ ఆవిరయ్యే నీళ్లు పాతిక గ్రాములు, అంటే అయిదు టీచెంచాలు! పాకం పొయ్యి మీద ఉండగా పెద్దవాళ్లు పక్కకు కదలనివ్వనిది ఇందుకే.

చక్కెర మిల్లుల్లో వాడే బ్రిక్స్ డిగ్రీ కూడా ఈ లెక్కే. 100 గ్రాముల ద్రావణంలో చక్కెర ఎన్ని గ్రాములన్నదే అది చెబుతుంది. 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ బ్రిక్స్ పేరు దానికి స్థిరపడింది.

బెల్లానికి ఈ అంకెలు ఉన్నవున్నట్టు పనికిరావు. బెల్లంలో దాని తేమ దానికుంటుంది, ఖనిజాలూ ఉంటాయి, అది కొన్న చోటును బట్టీ మారుతుంది. అక్కడ పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేసి చూసే చేతి పరీక్షకు సాటి లేదు. ఆ పరీక్షను, కాటాను కలిపి వాడుకోవాలి. కాటా మీద చిన్న చెక్క పీట వేసి, అంకెను సున్నాకు తెచ్చి, వేడి బాణలిని దానిమీద దించవచ్చు.

మీ ఇంట్లో అవ్వ ఉంటే వచ్చే పండక్కే ఈ పని చేయండి. బెల్లం తూచి వేయండి. ‘ఇక దించు’ అని ఆమె అన్నప్పుడు బాణలిని తూచి, ఆ రెండు అంకెలూ ఆమె పేరుతో రాసిపెట్టండి.