ఆరో తీగ విప్పి చూస్తే

గిటార్‌కి తీగలు మార్చినప్పుడల్లా పాతవి చుట్టచుట్టి చెత్తబుట్టలో వేయడమే అలవాటు. ఈమధ్య ఒకసారి మాత్రం ఆరో తీగని, అంటే అన్నిటికన్నా లావుదాన్ని, బల్ల మీద పెట్టుకుని పట్టకారుతో కొస పట్టి విప్పడం మొదలుపెట్టాను. పైన చుట్టిన సన్న తీగ మెలికలు మెలికలుగా వస్తూనే ఉంది. చేతికి తగిలే వైపు నల్లగా, జిడ్డుగా ఉంది. లోపలి వైపు మాత్రం అప్పుడే తోమిన చెంబులా మెరుస్తోంది. కాసేపటికి బల్ల నిండింది, ఒళ్ళో పడింది, ఇంకా అయిపోలేదు. లోపలి ఉక్కు తీగ మందం అంగుళంలో వెయ్యింట 17 వంతులు, పై చుట్టుది 18 వంతులు అనుకుని లెక్క కట్టాను. గిటార్ మీద మోగేది 65 సెంటీమీటర్ల మేర. ఆ మేరలో దాదాపు 1,400 చుట్లు పడతాయి. వాటన్నిటినీ సాగదీస్తే నాలుగు మీటర్లు!

పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్ళకి తెలుసు, అచ్చు పక్కన అచ్చు అతుకు కనబడకుండా వేయడమే అక్కడి పనితనమంతా. ఇక్కడా అంతే. చుట్టు మీదికి చుట్టు ఎక్కకూడదు, రెంటి మధ్య సందు రాకూడదు. ఇలా 1,400 సార్లు. ఇంత పని చేసిన వస్తువుని మనం కాగితం పొట్లంలోంచి తీసి, రెండు మూడు నెలలు మీటి, పారేస్తున్నాం.

అసలు చుట్టడం ఎందుకు? గిటార్‌లో ఒకటో తీగ సెకనుకు 329.6 సార్లు కంపిస్తుంది, ఆరోది 82.4 సార్లు. సరిగ్గా నాలుగో వంతు, అంటే రెండు స్థాయిలు కింద. రెండిటి పొడవూ ఒకటే. బిగువు కూడా ఇంచుమించు ఒకటిగా ఉండాలంటే ఆరోదానికి పదహారు రెట్లు బరువు కావాలి. ఆ బరువు వట్టి ఉక్కుతోనే తెస్తే అది తీగ కాదు, 1.2 మిల్లీమీటర్ల కడ్డీ అవుతుంది. కడ్డీ కూడా మోగుతుంది గానీ దానికి తనదైన బిర్రు ఉంటుంది. ఆ బిర్రు వల్ల అసలు స్వరంతోపాటు పైన సన్నగా పలికే అతిస్వరాలు శ్రుతి తప్పి పైకి జరుగుతాయి, నాదం బొంగురుపోతుంది. కావలసింది కడ్డీ బరువు, తీగ మెత్తదనం. సన్నటి ఉక్కు మీద మెత్తటి లోహాన్ని చుడితే బరువు చేరుతుంది, బిర్రు పెద్దగా పెరగదు. మూడో తీగ నుంచి ఆరో తీగ దాకా చుట్టు ఉండేది ఇందుకే.

విప్పడం పూర్తయ్యాక మిగిలిన ఉక్కు తీగని వేళ్ళ మధ్య దొర్లించాను. గుండ్రంగా లేదు, పెన్సిల్‌లా ఆరు పలకలు. చేసేటప్పుడు ఈ తీగని రెండు కొసలా పట్టి గిరగిరా తిప్పుతుంటే పై తీగ బిగువుగా దాని మీదికి ఎక్కుతుంది. ఆరు అంచులూ దాన్ని కరిచి పట్టుకుంటాయి, జారనివ్వవు. లోపల గుండ్రటి తీగ పెట్టి చేసేవాళ్ళూ ఉన్నారు. అవి మరింత మెత్తగా వంగుతాయి. అయితే ఆ రకం తీగని పెగ్గుకి బిగించకముందే కొస కత్తిరిస్తే చుట్టు మొత్తం వదులైపోతుంది. పెగ్గు దగ్గర అడ్డంగా వంచి, ఆ తర్వాతే కత్తిరించాలి. ఈ సంగతి తెలియక నేను ఒక మంచి తీగని మొదటి రోజే చంపుకున్నాను.

చుట్టు లేని ఒకటో తీగ గొప్ప ఇంకోటి. కంసాలి కమ్మచ్చు చిల్లుల్లోంచి బంగారం తీగ సాగదీసినట్టే, దీన్నీ ఒకదానికన్నా ఒకటి సన్నటి చిల్లుల్లోంచి లాగుతారు. లాగేకొద్దీ సన్నబడుతుంది, గట్టిపడుతుంది. చివరికి 0.3 మిల్లీమీటర్ల తీగ పది కిలోల పైచిలుకు బరువు మోస్తూ రాత్రీ పగలూ నిలబడుతుంది. గోడ మేకుకి పది కిలోల బియ్యం సంచీని ఈ తీగతో వేలాడదీస్తే ఎలా ఉంటుందో ఊహించండి. చదరపు మిల్లీమీటరుకు లెక్కేస్తే 146 కిలోలు. విచిత్రమేమిటంటే, శ్రుతీ పొడవూ మారనంతవరకు తీగ సన్నదైనా లావుదైనా ఈ 146 మారదు. తీగ సన్నబడితే మోసే బరువూ అంతే తగ్గుతుంది. సన్నవి ఊరికే తెగిపోతాయనే మాట వింటుంటాం గానీ, తెగేది సన్నతనం ఒక్కదాని వల్లే కాదు. పెగ్గు చిల్లు అంచు కోసిన చోటో, తుప్పు పట్టిన చోటో తెగుతుంది. గీత పడ్డప్పుడు సన్నదానికే నష్టం ఎక్కువ, అది వేరే సంగతి.

ఇక ఎంచుకోవడం. విజయవాడలో ఏ వాయిద్యాల దుకాణంలో నిలబడినా వినబడే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ కంపెనీవి మంచివన్నా?" దుకాణదారు తిరిగి అడగవలసింది, "ఏ గిటార్ తమ్ముడూ నీది?" అడిగేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ దగ్గరే కొనండి. సెట్టుని ఒకటో తీగ మందంతో పిలుస్తారు. పదకొండు సెట్టు, పన్నెండు సెట్టు అంటే అంగుళంలో వెయ్యింట 11, వెయ్యింట 12 వంతులని అర్థం. మామూలు పన్నెండు సెట్టులో వరసగా 12, 16, 24, 32, 42, 53 ఉంటాయి. శ్రుతి చేశాక ఆరూ కలిసి గిటార్‌ని దాదాపు 74 కిలోల బలంతో లాగుతాయి. పన్నెండు నుంచి పదకొండుకి దిగితే ఒకటో తీగలో తగ్గే మందం తలవెంట్రుకలో మూడో వంతు. బిగువు మాత్రం ఆరో వంతు తగ్గుతుంది. నేర్చుకునే పిల్లల వేళ్ళకి ఆ ఆరో వంతే పెద్ద తేడా. కొత్తవాళ్ళకి పది గాని పదకొండు గాని చాలు. మీద పలక నిజమైన చెక్కతో చేసిన మంచి గిటార్ అయితే పన్నెండు పెడితేనే దాని గొంతు విచ్చుకుంటుంది. పదమూడు పెట్టమని నేను ఎవరికీ చెప్పను, అడిగి పెట్టుకునేవాళ్ళకి నా సలహా అక్కర్లేదు.

కృష్ణా డెల్టాలో గిటార్ ఎక్కువగా కనబడేది కచేరీ వేదికల మీద కాదు, చర్చిల్లో. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే గుణదల మేరీమాత ఉత్సవాలకు ముందు, క్రిస్మస్‌కు ముందు ఎన్ని ఊళ్ళలో గిటార్లకి తీగలు మారతాయో! బందరు వైపు ఒక చిన్న చర్చిలో ఒకసారి క్లాసికల్ గిటార్‌కి ఉక్కు తీగలు బిగించి ఉండటం చూశాను. దాని వెడల్పాటి మెడ, బిళ్ళలాంటి బ్రిడ్జి చూస్తే తెలిసిపోతుంది, అది నైలాన్ తీగలకి పుట్టిన గిటార్. నైలాన్ సెట్టు లాగే బలం 40 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. దానిమీద ఉక్కు సెట్టంటే దాదాపు రెండింతల భారం. బ్రిడ్జి అప్పటికే వెనకవైపు లేచింది, కింద పోస్టు కార్డు దూరేంత సందు. వాయించే కుర్రాడు, "సౌండ్ బాగా వస్తుందని వేశామండీ" అన్నాడు. బాగానే వస్తోంది, అబద్ధం చెప్పలేదు. ఎన్నాళ్ళు వస్తుందన్నదే ప్రశ్న.

మందం తేలాక లోహం సంగతి. పొట్లం మీద "80/20 బ్రాంజ్" అని ఉంటుంది: 80 వంతులు రాగి, 20 వంతులు తుత్తునాగం. తెలుగు వంటింట్లో పెరిగిన ఎవరినడిగినా చెబుతారు, రాగిలో తుత్తునాగం కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. అంటే పేరుకే ఇది బ్రాంజ్, చూడబోతే ఇత్తడి. కొత్తలో గలగలమని మోగుతుంది, తొందరగా నల్లబడుతుంది. రెండోది ఫాస్ఫర్ బ్రాంజ్. రాగి 92, తగరం 8, చిటికెడు భాస్వరం. ఇది అసలైన కంచు జాతి. దీన్ని 1974లో గిటార్ తీగల్లోకి తెచ్చింది అమెరికాలోని డాడారియో సంస్థ. గలగల కొంచెం తక్కువ, గొంతు కొంచెం వెచ్చన, మన్నిక కొంచెం ఎక్కువ. నాకు ఇదే ఇష్టం. చుట్టు మీద సన్నటి ప్లాస్టిక్ పొర వేసిన కోటెడ్ తీగలు మూడో రకం. వాటి ధర మామూలువాటికి రెండు మూడు రెట్లు. వేళ్ళ కింద ఏదో నునుపుగా జారుతున్నట్టు ఉంటుంది, కొందరికి అది నచ్చదు.

నచ్చినా నచ్చకపోయినా, మన గాలిని బట్టి ఆలోచించాలి. ఒక పక్క సముద్రం, అడుగడుగునా కాలవలు, సగం ఏడాది నీళ్ళు నిలిచిన వరిచేలు. బందరు, అవనిగడ్డ వైపు గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. దానికి మన చేతి చెమట తోడు. ఉప్పూ తడీ కలిసి చుట్ల మధ్య సందుల్లో చేరితే మూడు పనులు జరుగుతాయి: లోహం పాడవుతుంది, మురికి బరువు పెరుగుతుంది, చుట్టుకీ చుట్టుకీ మధ్య రాపిడి ఎక్కువై పైస్వరాలు ముందు చచ్చిపోతాయి. ఒకరోజు ఉన్నట్టుండి గిటార్ దుప్పటి కప్పుకున్నట్టు మోగుతుంది. ఇత్తడి బిందె నల్లబడితే చింతపండు పెట్టి తోముకుంటాం, తీగకి ఆ వైద్యం లేదు. వాయించాక పొడిగుడ్డతో పైనా కిందా తుడవడమొక్కటే దారి. అరచేతులు చెమర్చే మనిషి ఈ ప్రాంతంలో ఉంటే కోటెడ్ తీగలకి పెట్టిన డబ్బు వృథా కాదు. మే నెలలో బెజవాడ ఎండ ఇంకో వేడుక చేస్తుంది. ఏసీ గదిలో శ్రుతి చేసిన గిటార్‌ని బయటికి తెస్తే ఉక్కు సాగి, చెవికి తెలిసేంత శ్రుతి దిగుతుంది. చెక్క కన్నా ముందు తీగే వేడెక్కుతుంది మరి. వాయించబోయే చోట పది నిమిషాలు ఉంచి, అప్పుడు శ్రుతి చేయాలి.

తీగలు మార్చడమంటే వాయిద్యాన్నే మార్చడమని మన పక్క డెల్టావాడు ఒకాయన చూపించాడు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. జతలో రెండిటినీ ఒకేసారి ఒకే శ్రుతిలో లాగి గమకం పలికించడం చాలా కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టి, జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. గిటార్ మీద రాగం పలికించాలని ఉబలాటపడేవాళ్ళు గమనించవలసిన సంగతి ఇది. గమకానికి తీగ లాగాలి, లాగడానికి సన్నది కావాలి. చుట్టు ఉన్న మూడో తీగ దగ్గర వేలు ఓడిపోతుంది.

వీణ దగ్గరికొస్తే ఇంకో పాఠం. విజయవాడకి కూతవేటు దూరమని అనలేను గానీ, ఒక పూటలో వెళ్ళి రాగలిగిన నూజివీడులో పనస కర్రతో వీణలు చెక్కే పనివాళ్ళున్నారు. వీణకి ఏడు తీగలు. వాయించేవి నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. తాళానికి మూడు. మీటే ఉక్కు తీగ, గిటార్ ఒకటో తీగ ఒక్క జాతివే. కొలతే తిరకాసు. వైరు గేజు లెక్కలో అంకె పెరిగితే తీగ సన్నబడుతుంది, గిటార్ లెక్కలో అంకె పెరిగితే లావవుతుంది. గేజు లెక్కలో 30 అంటే గిటార్ లెక్కలో పన్నెండుకి రవ్వంత పైన. ఈ రెండు లెక్కలూ కలగలిపి తీగ కొన్నవాళ్ళ కష్టాలు చెప్పతరం కాదు.

అసలు పాఠం అది కాదు. వీణకి 24 మెట్లు. వాటిని మైనంలో నిలుపుతారు. శ్రుతి కుదరకపోతే మైనం కరిగించి మెట్టు జరుపుకోవచ్చు. గిటార్ ఫ్రెట్‌ని చెక్కలోకి దిగగొడతారు, అది జరగదు. మెట్టు జరగనప్పుడు తీగ తప్పు చేయకూడదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మందం, ఒకే బరువు ఉండాలి. పాత తీగ ఫ్రెట్ల మీద నొక్కి నొక్కి అక్కడక్కడ గుంట పడుతుంది, అక్కడక్కడ మురికి పట్టి బరువెక్కుతుంది. అప్పుడు ఖాళీ తీగ శ్రుతిలోనే ఉంటుంది, పైన నొక్కిన స్వరం మాత్రం తప్పు పలుకుతుంది. గిటార్ చెడిపోయిందని దుకాణానికి మోసుకెళ్ళేవాళ్ళలో చాలామందికి కావలసింది కొత్త సెట్టు. పన్నెండో ఫ్రెట్ మీద వేలు తేలిగ్గా ఆనించి మీటండి, తర్వాత అక్కడే నొక్కి మీటండి. నిన్నటి దాకా ఒకటిగా పలికినవి ఇవాళ వేరుగా పలికితే ముందు తీగల్నే అనుమానించండి.

కొత్తవి ఎక్కించేటప్పుడు నేను చేసేది ఇంతే. ఆరూ ఒక్కసారిగా తీసేయకుండా ఒక్కొక్కటే మారుస్తాను. కొసనున్న బుడిపె బ్రిడ్జి పలక అడుగున ఆనిందో లేదో తీగని పైకి లాగి చూస్తాను. ఆనకపోతే సగం శ్రుతి చేశాక పిన్ను ఎగిరి మొహానికి తగులుతుంది. పెగ్గు మీద రెండు మూడు చుట్లు, కిందికి దిగేలా. తర్వాత ఒక్కో తీగని వేళ్ళతో మెల్లగా పైకి లాగి వదిలి మళ్ళీ శ్రుతి చేయడం, నాలుగైదుసార్లు. పాత తీగల పొట్లం మీద మార్చిన తేదీ రాసి గిటార్ పెట్టెలో పడేస్తాను. ఇప్పుడు అలాంటివి తొమ్మిది ఉన్నాయి. తేదీల వరసలో చూస్తే వానాకాలం పొట్లాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, చలికాలంవి దూరదూరంగా. ఈసారి జూన్ రాకముందే కోటెడ్ సెట్టు ఒకటి తెచ్చిపెట్టాను, ఫాస్ఫర్ బ్రాంజ్, పన్నెండు.