ఐదెకరాలకు ఎన్ని గంటల ట్రాక్టర్?

రోహిణి ఎండలు మాడుస్తుండగానే ట్రాక్టర్ షోరూముల ముందు సందడి మొదలవుతుంది. మృగశిర కార్తె వచ్చేలోపు కొత్త బండి ఇంటికి చేరాలని రైతుల తొందర. ఈసారి ఆ తొందరలో మా మేనల్లుడు కూడా ఉన్నాడు. నల్లగొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింద వాడికి మూడెకరాల మాగాణి ఉంది. కాస్త ఎగువన రెండెకరాల బత్తాయి తోట ఉంది. 50 హెచ్‌పీ బండి తీసుకుంటానన్నాడు. ఐదెకరాలకు అంత బండి దేనికిరా అని అడిగాను.

"మామా, ఊళ్లె అందరి పొలాలు అయినంక నా పొలానికి వస్తుండ్రు. అప్పటికి నారు ముదిరిపోతుంది. కిరాయి బండి కోసం ఎదురుచూసుడు ఇగ నాతోని కాదు" అన్నాడు.

వాడి బాధలో న్యాయం ఉంది. వాన అందరికీ ఒకే రోజు పడుతుంది. పత్తి గింజ పెట్టాలంటే కనీసం 60 నుంచి 70 మిల్లీమీటర్ల వాన పడాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ వాన పడిన మర్నాడే ఊరంతటికీ ట్రాక్టర్ కావాలి. ఎర్ర చెలకలో పదును రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది. నల్లరేగడిలో తడి ఎక్కువుంటే చక్రం దిగబడుతుంది, తడి తగ్గితే పెళ్లలు లేస్తాయి. కాలువకు నీళ్లు వదిలినప్పుడూ ఇదే కథ. తూము కింద పొలాలన్నీ ఒకే వారంలో తడుస్తాయి, దమ్ము చేయాల్సిన బండ్లు మాత్రం నాలుగే ఉంటాయి. పెద్ద కమతం ఉన్నవాళ్ల పొలానికి బండి ముందు వెళ్తుంది, ఎందుకంటే ఒకేచోట పది గంటల పని దొరుకుతుంది. ఎకరం, రెండెకరాల వాళ్లు చివర్న మిగులుతారు. లక్షలు పోసి చిన్న రైతు కొనుక్కుంటున్నది ఆ నాలుగు రోజుల అదునునే.

ఆ అదునుకు ఎంత ధర పెట్టవచ్చు అన్నదే ప్రశ్న. ఇందుకు నాకు తెలిసిన మంచి కొలత ఒక్కటే, గంటలు. బండి ధర చూడకముందే మన భూమి ఆ బండికి ఏడాదిలో ఎన్ని గంటల పని పెట్టగలదో కాగితం మీద రాసుకోవాలి.

మేనల్లుడిని కూర్చోబెట్టి అదే రాయించాను. మాగాణికి ఎకరాకు కల్టివేటర్ ఒక సాలు, రోటవేటర్‌తో దమ్ము రెండు సాళ్లు, చివర్న చదును, అన్నీ కలిపి నాలుగు గంటలు. మూడెకరాలకు రెండు పంటలు వేసినా 24 గంటలు. బత్తాయి తోటలో చెట్ల మధ్య దున్నకం ఏడాదికి నాలుగుసార్లు, 8 గంటలు. పశువుల ఎరువు తోలడం, వడ్లు కొనుగోలు కేంద్రానికి చేర్చడం మరో 20 గంటలు. మొత్తం 52. ధారాళంగా వేసుకుంటే 60. గంటకు సగటున 1200 రూపాయల కిరాయి అనుకున్నా ఏడాదికి 72 వేలు.

ఇక కొనే లెక్క. వాడు చూసిన బండి ఎనిమిది లక్షల దగ్గర ఉంది. రోటవేటర్, కల్టివేటర్, కేజ్ వీల్స్, ట్రక్కు కలిపితే పదకొండు దాటుతుంది. అందులో ఎనిమిది లక్షలు పది శాతం వడ్డీకి అప్పు తెచ్చినా మొదటి ఏడాది వడ్డీయే 80 వేలు. అసలు, డీజిల్, బీమా, టైర్లు ఇంకా లెక్కలోకి రాలేదు. ట్రాక్టర్ నడిపే ఖర్చు అంచనా వేసేటప్పుడు ఇంజినీర్లు బండి ఏడాదికి 1000 గంటలు తిరుగుతుందని లెక్క కడతారు. వీడి భూమి పెట్టగలిగింది 60 గంటలు. ఐదెకరాలు మన దగ్గర చిన్న కమతమేమీ కాదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం తెలంగాణలో ఒక హెక్టారు, ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టార్లు. అంటే సగటు రైతుకు ఉన్నది రెండున్నర ఎకరాలే.

"మిగతా గంటలు కిరాయికి తిప్పుతా మామా" అన్నాడు. చాలామంది ఈ ధైర్యంతోనే సంతకం పెడతారు. కిరాయికి తిప్పడం వేరే వృత్తి. దానికి డ్రైవర్ కావాలి, డీజిల్‌కు చేతిలో డబ్బు కావాలి, పంట అమ్మాక ఇస్తామనే బాకీలను ఓర్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, అదును వచ్చిన నాలుగు రోజులే కిరాయికీ గిరాకీ. కిస్తీ కట్టాలి కాబట్టి ఆ రోజుల్లో బండి ఇతరుల పొలాల్లో ఉంటుంది, సొంత పొలం వెనకబడుతుంది. ఏ ఎదురుచూపు తప్పించుకోవాలని కొన్నాడో అదే ఎదురుచూపు అప్పుతో సహా ఇంటికి వస్తుంది. కిరాయినే వృత్తిగా ఎంచుకుని నిలబడినవాళ్లున్నారు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ ఆ నిర్ణయం మొదటే తెలిసి తీసుకోవాలి, లెక్క కుదరక తర్వాత తీసుకునేది కాకూడదు.

ట్రాక్టర్ మీద ఈ మోజు ఎందుకో నాకు అర్థమవుతుంది. ఇంటి ముందు బండి ఉంటే ఊళ్లో మాటకు విలువ, పెళ్లి సంబంధాలకూ బలం. ఒకప్పుడు ఆ గౌరవం ఎడ్ల జతది. మా నాన్న ఎడ్లను కొనేముందు నేలను చూసేవాడు. రేగడి దుక్కికి ఒంగోలు జాతి, రాళ్ల చెలకకు నల్లమల తూర్పు ఎడ్లు. మేత ఎంత దొరుకుతుందో కూడా చూసేవాడు. బండిని ఎంచుకోవడానికీ ఆ క్రమమే సరైనది: ముందు నేల, తర్వాత పని, తర్వాత పనిముట్టు, చివరికి బండి. షోరూములో ఈ క్రమం తలకిందులవుతుంది. అక్కడ ముందు బండి చూపిస్తారు.

పనిముట్టును బట్టి హెచ్‌పీ ఎంచుకోవడం కష్టమేమీ కాదు. రోటవేటర్ వెడల్పు అడుగుకు 8 నుంచి 10 హెచ్‌పీ అవసరం. ఐదడుగుల రోటవేటర్‌కు 40 నుంచి 50 మధ్య కావాలి. మూడడుగులదైతే పాతిక, ముప్పై చాలు. ప్రకటనలో పెద్ద అక్షరాలతో రాసేది ఇంజిన్ హెచ్‌పీ. రోటవేటర్‌ను తిప్పేది పీటీఓ (బండి వెనక పనిముట్టును తిప్పే ఇరుసు) దగ్గరికి చేరే హెచ్‌పీ, అది కొంత తక్కువ ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి పీటీఓ బలం, డీజిల్ ఖర్చు, లిఫ్ట్ ఎత్తగల బరువు నివేదికలో రాస్తుంది. ఆ నివేదిక చూపించమని డీలర్‌ను అడగండి. మనకు దగ్గర్లో, అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ ఇలాంటి కేంద్ర సంస్థ ఉంది. అక్కడ రైతులకు యంత్రాల మీద శిక్షణ ఇస్తారు. కొనేముందు ఇంట్లో ఒక కుర్రాడిని అలాంటి శిక్షణకు పంపితే బండి బతికినంత కాలం ఆ మేలు ఉంటుంది.

తోటలున్నవాళ్లకు 18 నుంచి 27 హెచ్‌పీ మధ్య ఉండే మినీ ట్రాక్టర్లు నిజంగా పనికొస్తాయి. బత్తాయి కొమ్మలు కిందికి వాలి ఉంటాయి, పెద్ద బండి దూరితే కొమ్మలు విరుగుతాయి. బత్తాయికి ఆహారం తీసుకునే వేళ్లు పైపొరలోనే ఉంటాయి కాబట్టి లోతు దుక్కి చెట్టుకే చేటు. అక్కడ తేలికపాటి బండి, తేలికపాటి పనిముట్టే మేలు. నాలుగు చక్రాలకూ బలం అందే మినీ అయితే తడి నేలలోనూ జారకుండా లాగుతుంది. కానీ హెచ్‌పీ తగ్గినంతగా ధర తగ్గదని గుర్తుంచుకోవాలి. మినీకి వడ్ల బస్తాల ట్రక్కు తగిలించి కాలువ కట్ట మీద నడపడం ప్రాణాలతో చెలగాటం. వెనక బరువును ఆపగలిగే ఒళ్లు, బ్రేకు ఆ బండికి ఉండవు.

మాగాణిలో దిగే బండికైతే ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులు ఉన్నాయో లేదో చూడాలి. బురద నీళ్లకు అవే ఆగుతాయి. డ్యూయల్ క్లచ్ ఉంటే బండి ఆగినా రోటవేటర్ ఆగదు. ఈ రెండూ అవసరమైనవి. మిగతా హంగులన్నీ మీ ఇష్టం, మీ జేబు. మండల కేంద్రంలో ఆ కంపెనీ విడిభాగాలు దొరుకుతాయా, దాన్ని విప్పి బిగించగల మెకానిక్ ఫోన్ చేస్తే పొలానికి వస్తాడా అన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. దమ్ము మధ్యలో బండి ఆగితే, సామాను జిల్లా కేంద్రం నుంచి వచ్చేసరికి అదును పోతుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కు దిగింది. చిన్న రైతుకు ఇది పెద్ద ఊరట. ఆ మిగులుతో ఇంకో ఐదు హెచ్‌పీ ఎక్కువున్న బండికి ఎగబాకకుండా అప్పు తగ్గించుకుంటేనే ఊరట చేతికి దక్కుతుంది.

పాత బండి కొనేవాళ్లు రంగు చూడకండి, అది ఏ పని చేసిందో అడగండి. ఇసుక తోలిన బండికి క్లచ్, గేర్‌బాక్స్ అరిగి ఉంటాయి. ఏళ్ల తరబడి దమ్ము చేసిన బండికి సీళ్లు పోయి ఇరుసుల్లోకి బురద నీళ్లు చేరతాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి స్టార్ట్ చేయించాలి. ఆయిల్ పుల్ల బయటికి తీస్తే ఆయిల్ పాలలా తెల్లబారి ఉందంటే నీళ్లు కలిసినట్టే, అక్కడితో బేరం ఆపేయాలి. కల్టివేటర్‌ను పైకెత్తి ఇంజిన్ ఆపండి. అది వెంటనే కిందికి దిగిపోతుంటే హైడ్రాలిక్ ఖర్చు మీ నెత్తిన పడుతుంది. ఆర్సీ మీద ఫైనాన్స్ ఉందేమో చూసి, అప్పు తీరినట్టు ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకోండి. పేరు మార్పిడికి 29, 30 ఫారాల మీద సంతకాలు అయ్యాకే పూర్తి డబ్బు ఇవ్వండి.

ఈ లెక్కలన్నీ ముందు పెట్టుకున్నాక మాకు ఒక సూత్రం తేలింది: ఆగని పనికి సొంత బండి, ఆగే పనికి కిరాయి బండి. దమ్ము ఆగదు. తోటలో దున్నకం, ఎరువు తోలడం వారం అటూ ఇటూ అయినా నష్టం లేదు. ఆ పనులకు అదును లేని రోజుల్లో కిరాయి బండ్లు పిలిస్తే వస్తాయి. వాడి బాబాయ్ కొడుకులిద్దరివీ పక్కపక్క పొలాలే. ముగ్గురూ కలిసి 40 హెచ్‌పీ లోపు పాత బండి ఒకటి, ఒక రోటవేటర్, కేజ్ వీల్స్ కొన్నారు. ట్రక్కు కొనలేదు. మూడిళ్లకూ కలిపి బండికి చాలినంత పని ఉంది, అప్పు మూడు భుజాల మీద పడింది.

పొత్తు బండి అన్నదమ్ముల్ని విడదీస్తుందని పెద్దలు హెచ్చరించారు. అందుకే కొనడానికి ముందే నోట్‌బుక్‌లో షరతులు రాయించాను. తూముకు దగ్గరి పొలం ముందు తడుస్తుంది కాబట్టి దమ్ము అక్కడ్నుంచే మొదలు, ఎవరు ఎంత డబ్బు పెట్టారన్నదానితో సంబంధం లేదు. ఎవరి గంటలు వాళ్ల పేరు మీద రాయాలి. డీజిల్ ఎవరిది వాళ్లు పోసుకోవాలి. గంటకు ఇంతని రిపేరు ఖాతాలో వేయాలి. ముగ్గురి పనీ అయ్యేదాకా బయట కిరాయికి పోకూడదు.

అయితే పక్కపక్క పొలాలు, కలిసి నడిచే అన్నదమ్ములు అందరికీ ఉండరు. వాళ్లకు అదును ఎవరిస్తారు? యంత్రాలను కిరాయికిచ్చే కేంద్రాలకు 2014-15లో మొదలైన కేంద్ర ప్రభుత్వ యాంత్రీకరణ పథకంలో సాయం ఉంది. ఎరువుల బస్తాలు అమ్మే సహకార సొసైటీకి అలాంటి కేంద్రం పెట్టి రెండు ట్రాక్టర్లు, నాలుగు రోటవేటర్లు నడపడం చేతకాని పని కాదు. గంట కిరాయి గోడ మీద రాసి ఉండాలి. వరుస నంబరు ప్రకారం బండి రావాలి. అదును రోజుల్లో సగం గంటలు రెండెకరాల లోపు వాళ్లకే కేటాయించాలి. అప్పు తెచ్చుకోగలిగినవాడికే అదును దక్కే ఊళ్లో చిన్న రైతు ఎక్కువ కాలం నిలవడు. ఈ ఏరువాకకు ముందే మీ సొసైటీ సర్వసభ్య సమావేశం ఎప్పుడో కనుక్కోండి. వెళ్లి, లేచి నిలబడి, ఈ మాట అడగండి.