మైదానంలో నిషిద్ధాక్షరి

అవధానంలో నిషిద్ధాక్షరి అంశం ఎలా నడుస్తుందో తెలుగువారికి చెప్పనక్కరలేదు. పృచ్ఛకుడు అక్షరం వెంట అక్షరానికి అడ్డం పడుతుంటాడు. అలవాటుగా నోటికొచ్చే మాటకు దారి మూసుకుపోగానే అవధాని మరో మాట వెతుక్కుంటాడు. భాష మీద అతనికున్న పట్టు ఆ వెతుకులాటలోనే బయటపడుతుంది. గడిచిన శతాబ్దం మధ్యకాలంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ మైదానాల్లో సయ్యద్ అబ్దుల్ రహీం చేసిన పని ఇలాంటిదే. ఆయన పేరెత్తితే ముందుగా భారత జట్టు కోచ్‌గా సాధించిన పతకాలు, విజయాలు గుర్తొస్తాయి: 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 2024లో వచ్చిన హిందీ సినిమా ‘మైదాన్’ కూడా ఆ విజయాల చుట్టూ అల్లిన కథే. కానీ పతకం జరిగిపోయిన ఆటకు గుర్తు మాత్రమే. మళ్లీ మళ్లీ ఆటగాళ్లను తయారుచేయగలిగేది శిక్షణ పద్ధతి. రహీం మనకు వదిలివెళ్లిన ఆస్తుల్లో అన్నింటికన్నా విలువైనది ఆ పద్ధతేనని నా వాదన.

1909లో పుట్టిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున ఆడారు, వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో బడి వాసన స్పష్టంగా కనిపిస్తుంది. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో పోటీలు పెట్టించారు. బలహీనమైన కాలితోనే ఆడమన్నారు. ఎత్తు తక్కువున్న కుర్రాళ్లకు వేరుగా పోటీలు జరిపించారు. పైకి ఇవి ఆంక్షల్లా కనిపిస్తాయి, ఒక్కోదాని వెనకా ఒక్కో పాఠం ఉంది. బంతిని కాళ్ల దగ్గర అట్టిపెట్టుకోకూడదంటే, అది అందగానే ఎవరికో ఒకరికి ఇచ్చేయాలి. ఇవ్వాలంటే బంతి రాకముందే తలెత్తి చుట్టూ చూసి ఉండాలి. చూసినచోట మనిషి ఉండాలంటే మిగతా పదిమందీ నిలబడి చోద్యం చూడకుండా ఖాళీల్లోకి కదలాలి. ఒకడి కాళ్లకు వేసిన కళ్లెం జట్టు మొత్తానికి నడక నేర్పిందన్నమాట. రెండో కాలు అలవాటైన ఆటగాడు ఎటు తిరుగుతాడో డిఫెండర్‌కు అంతుపట్టదు. పొట్టివాళ్ల పోటీల్లో గాలిలో లేచిన బంతితో పెద్ద ప్రయోజనం ఉండదు కాబట్టి ఆట గడ్డిమీదకి దిగుతుంది. ఒడ్డూ పొడుగూ లేని పిల్లవాడికీ అందులో చోటు దొరుకుతుంది.

ఈ పద్ధతి ఫలితం ముందుగా దేశవాళీ పోటీల్లో కనిపించింది. రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఒక ఏడాది గెలుపును అదృష్టం అనుకోవచ్చు. ఐదేళ్ల వరుసను అలా అనలేం. అంతర్జాతీయ వేదిక మీద యుగోస్లావియాను కొలబద్దగా తీసుకుందాం. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆ జట్టు చేతిలో మనవాళ్లు 1-10తో చిత్తయ్యారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్ సెమీఫైనల్లో అదే యుగోస్లావియా మీద నెవిల్ డిసౌజా గోలుతో ముందంజ వేసి, చివరికి 1-4తో ఓడారు. ఈ మధ్యకాలంలో మన ఆటగాళ్లు బూట్లకు అలవాటుపడ్డారు, ఆ మార్పుకు దక్కాల్సిన వాటా దానికి దక్కాలి. అయితే బూట్లు జారిపడకుండా కాపాడతాయి గానీ, బంతిని ఎటు పంపాలో చెప్పలేవు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. మెల్‌బోర్న్‌లో హంగరీ తప్పుకోవడంతో మనం తొలిరౌండ్ ఆడకుండానే దాటాం. జకార్తా క్రీడల్లోకి ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదు. అలాంటప్పుడు ఆ విజయాల బరువెంత? ఈ ప్రశ్న న్యాయమైనదే. అందుకే నేను 1960 రోమ్ ఒలింపిక్స్‌ను సాక్ష్యంగా ముందుకు తెస్తాను. అక్కడ మన జట్టు గ్రూపులో అట్టడుగున నిలిచింది, పతకాల పుస్తకంలో దానికి చోటే లేదు. కానీ ఆ ఏడాది కాంస్యం పట్టుకెళ్లిన హంగరీతో 1-2 తేడాతోనే ఓడింది. ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా నిలిచింది. కండబలంలోనూ అనుభవంలోనూ మనకన్నా మెరుగైన జట్ల ముందు నిలబడగలిగామంటే, ఆ బలం ఆటతీరు నుంచే రావాలి. ఇక జకార్తాలో తొలి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియానే, సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్లో 2-1తో ఓడించాం. తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీస్‌లోనూ ఫైనల్లోనూ అతను గోలు కొట్టాడు. ఎవరు ఎక్కడున్నా ఆటను చదవగలిగేలా తయారైన జట్టులోనే అలాంటి మార్పు చెల్లుతుంది.

నియమాలతో బిగిస్తే ఆటగాడి సొంత కళ చచ్చిపోతుందని మరికొందరంటారు. దీనికి సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ ఆటే జవాబు. రోమ్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోలు చేసింది ఆయనే. బంతిని ఎప్పుడు వదలాలో తెలిసినవాడికే, ఎప్పుడు అట్టిపెట్టుకోవాలో కూడా తెలుస్తుంది. రహీం డ్రిబ్లింగ్‌ను ఆటలోంచి వెళ్లగొట్టలేదు. సాధనలో కొంతకాలం దాచిపెట్టి, మ్యాచ్‌లో సమయమెరిగి వాడేలా చేశారు. నిషిద్ధాక్షరి దాటి వచ్చిన అవధానికి మామూలు పద్యంలో అన్ని అక్షరాలూ తిరిగి దక్కినట్టే ఇదీను.

ఇదంతా ఒక్క మనిషి ప్రతిభ, ఆయనతోనే పోయింది, దీన్ని సంప్రదాయమని ఎలా అంటామన్నది చివరి ప్రశ్న. రహీం 1963 జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ తర్వాత కూడా 1965-66 సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ గెలుచుకుంది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు నాయకుడు హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ఆ జట్టు శిక్షణలో పాలుపంచుకున్న పీకే బెనర్జీ రహీం జట్లలో ఆడినవారు. నయీముద్దీన్ తర్వాత భారత జట్టు కోచ్ కూడా అయ్యారు. ఆటగాడిగా అర్జున, గురువుగా ద్రోణాచార్య రెండూ అందుకున్నారు. రహీం కుమారుడు ఎస్.ఎస్. హకీం రోమ్ జట్టు సభ్యుడై, తర్వాత రిఫరీగా, కోచ్‌గా అదే మైదానంలో నిలిచారు. ఇది గురువు నుంచి శిష్యుడికి సాగిన పరంపర కాక మరేమిటి? అయితే ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు దక్కిన ఆఖరి పతకం బ్యాంకాక్‌దే. పరంపర పలచబడిన మాట నిజం. పద్ధతి మాత్రం పాతబడలేదు: దానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, కావలసింది ఒక బంతి, కాస్త ఖాళీ జాగా, ‘ఈ పూట డ్రిబ్లింగ్ లేదు’ అని చెప్పగల ఒక ఉపాధ్యాయుడు. రేపటి నుంచి మన జిల్లా పరిషత్ బడుల మైదానాల్లో వ్యాయామ ఉపాధ్యాయులు ఆ ఒక్క నియమం పెట్టి పిల్లల్ని ఆడించడం మొదలుపెడితే, రహీం సాబ్ పాఠం మళ్లీ నడక అందుకుంటుంది.