అతుకు ఎక్కడ? హొరొవిట్జ్ 1965 కచేరీకి రెండు రికార్డింగులు

వ్లాదిమిర్ హొరొవిట్జ్ 1965 మే 9న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో చేసిన పియానో కచేరీ ఈనాడు మనకు రెండు రూపాల్లో లభిస్తోంది. మొదటిది, అదే సంవత్సరం కొలంబియా సంస్థ విడుదల చేసిన గ్రామఫోన్ రికార్డు. రెండవది, 2003లో సోనీ సంస్థ ఏ దిద్దుబాట్లూ లేకుండా వెలువరించిన రూపం. మొదటి దానిలో కొన్ని తప్పు స్వరాలను తొలగించి, వాటి స్థానంలో సరైనవాటిని అతికించారు. కచేరీ మొత్తంతో పోలిస్తే ఆ మార్పులు స్వల్పమే. కాని ఒక రికార్డు మీద ‘ప్రత్యక్ష కచేరీ’ అని రాసినప్పుడు అది శ్రోతకు ఏ హామీ ఇస్తున్నదో తేల్చుకోవడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఆ కచేరీ నేపథ్యం తెలియనిదే ఆ తప్పుల బరువు తెలియదు. 1953లో వేదిక దిగిపోయిన హొరొవిట్జ్ పన్నెండేళ్ళ పాటు ప్రజల ముందు వాయించలేదు. ఆ కాలంలో రికార్డులు చేశాడు. అవి ప్రశంసలూ అందుకున్నాయి. అంటే వేళ్ళు మొద్దుబారిపోలేదని లోకానికి తెలుసు. తెలియనిది ఒక్కటే: వెనక్కి తీసుకోవడానికి వీలులేని కాలంలో, వేలమంది చెవులొగ్గి వింటుండగా, అరవై ఒకటేళ్ళ వయసులో ఆయన మళ్ళీ వాయించగలడా? టికెట్ల కోసం రాత్రంతా వీధిలో వరుసకట్టి నిలబడ్డవారు ఈ ప్రశ్నకు సమాధానం కోసమే వచ్చారు.

ఆయన మొదట ఎన్నుకున్నది బాఖ్ ఆర్గన్ కోసం రచించిన ‘టొకాటా, అడాజియో, ఫ్యూగ్’కు బుసోని చేసిన పియానో రూపాంతరం. దాని ఆరంభంలో తోడుగా నిలిచే స్వరసముదాయం ఉండదు. ఒంటరి స్వరాల పరుగు ఉంటుంది. పొరపాటు జరిగితే దాక్కోవడానికి చోటుండదు. సరిగ్గా అక్కడే, కచేరీ మొదలైన కొద్ది క్షణాలకే, ఆయన వేలు తప్పు మీట మీద పడింది. దిద్దుబాట్లు లేని రికార్డింగులో మనం వినవలసింది ఆ తప్పును కాదు, ఆ తరువాతి నిమిషాలను. లయ సడలదు, పరుగు ఆగదు. తొట్రుపడిన మనిషి క్రమంగా తన వాద్యాన్ని తిరిగి స్వాధీనం చేసుకోవడం చెవులకు తెలుస్తుంది.

తరువాతి రచన షూమాన్ ‘ఫాంటసీ’. దీని రెండవ భాగం చివర రెండు చేతులూ ఒకేసారి ఎదురెదురు దిక్కులకు దూకాలి. కళ్ళు రెండు చేతులనూ ఒకే క్షణంలో అనుసరించలేవు కనుక పియానో విద్వాంసులందరికీ అది భయపెట్టే చోటే. హొరొవిట్జ్ కూడా అక్కడ తడబడ్డాడు. దాని వెంటనే వచ్చే మూడవ భాగం నెమ్మదైనది, అంతర్ముఖమైనది. ఆ తడబాటు విన్నాక ఈ ప్రశాంతత తుఫాను దాటి వచ్చిన ప్రశాంతతగా వినిపిస్తుంది. తడబాటును చెరిపేసినా మూడవ భాగంలో ఒక్క స్వరమూ మారదు. కాని అది ఎక్కడినుంచి వచ్చిందన్నది మాత్రం మారిపోతుంది.

దీనికి బలమైన ప్రతివాదం ఒకటుంది. 1964లో కచేరీలకు స్వస్తి చెప్పిన గ్లెన్ గూల్డ్, టేపును కత్తిరించి అతికించడం కళాకారుడి హక్కని, సృజనలో భాగమని వాదించాడు. సినిమా దర్శకుడు పదిసార్లు తీసిన దృశ్యాల్లోంచి ఒకటి ఎన్నుకుంటే మనం అభ్యంతరం చెప్పం. మరి సంగీతానికి మాత్రం ఈ నియమం ఎందుకు? స్టూడియో రికార్డింగుల విషయంలో ఈ వాదానికి జవాబు లేదనే నా అభిప్రాయం. గూల్డ్ తన పద్ధతిని దాచలేదు, సిద్ధాంతంగా ప్రకటించాడు.

కాని 1965 నాటి రికార్డును అమ్మింది చారిత్రక ఘట్టానికి సాక్ష్యంగా. సాక్ష్యానికి ఉండే నియమాలు వేరు. వైద్యవృత్తిలో రోగి వివరాలు రాసే కాగితంలో తప్పు దొర్లితే దాన్ని చెరిపెయ్యకూడదు. పాత మాట కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం చెయ్యాలి. తప్పు జరిగిందన్నది కూడా చికిత్స చరిత్రలో భాగమే గనుక ఆ నియమం. అతికించిన రికార్డులో లోపం అతుకు ఉండటం కాదు, అతుకు ఉన్న సంగతి కొనేవాడికి తెలియకపోవడం.

పోలిక కోసం స్వియాతొస్లావ్ రిక్టర్ 1958 ఫిబ్రవరిలో సోఫియాలో చేసిన కచేరీ రికార్డింగు వినవచ్చు. ముసోర్గ్‌స్కీ ‘చిత్రప్రదర్శన’ వాయిస్తుంటే సభలో దగ్గులు ఆగవు. అది చలికాలపు సభ. నెమ్మదైన ఘట్టాల్లో ఆ దగ్గులు మరీ స్పష్టం. శబ్దగ్రహణం కూడా గొప్పది కాదు. అయినా ఆ రచనకు దొరికిన మహత్తర వ్యాఖ్యానాల్లో దాన్నొకటిగా ఇప్పటికీ లెక్కిస్తారు. ఒక స్వరం నుంచి మరో స్వరానికి సాగే ఆలోచన ఎక్కడా తెగకపోవడమే అందుకు కారణం. దగ్గుల మధ్య ఆ ఏకాగ్రత మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మన కర్ణాటక సంగీత కచేరీలకు ఈ చిక్కు ఇంతగా లేదు. స్వరకల్పనలో గాయకుడు ఏం పాడబోతున్నాడో ముందే రాసిన కాగితం ఉండదు కనుక చాలా చోట్ల తప్పుకూ, కొత్త దారికీ మధ్య గీత పలుచన. పాశ్చాత్య సంప్రదాయంలో రచన అక్షరం పొల్లుపోకుండా ముందే రాసి ఉంటుంది. తప్పు తప్పుగానే తేలుతుంది. అందుకే అక్కడ దిద్దాలన్న ప్రలోభం ఎక్కువ.

ఇదంతా తప్పు స్వరాలకు హారతి పట్టడం కాదు. తప్పు వాయించినంత మాత్రాన ఎవరూ హొరొవిట్జ్ కారు. ఆ మధ్యాహ్నం షోపాన్ మొదటి బల్లాడ్‌లో ఆయన చూపిన రంగులూ, స్క్రియాబిన్ తొమ్మిదవ సొనాటాలో పుట్టించిన భయమూ లేకపోతే ఆ పొరపాట్ల గురించి ఇన్నేళ్ళకు మాట్లాడుకునేవాళ్ళమే కాదు. షూమాన్ రచన మచ్చలేకుండా వినాలనుకునేవారికి మంచి స్టూడియో రికార్డింగులు చాలానే ఉన్నాయి. ఆనాడు కార్నెగీ హాల్‌లో ఏం జరిగిందో తెలుసుకోవాలనుకునేవారు మాత్రం 2003 నాటి రూపాన్నే, ఆరంభపు చప్పట్ల నుంచి, మధ్యలో ఆపకుండా వినాలి.