కాంక్రీటు కప్పేయక ముందే

ఇల్లు మొదలుపెడుతున్నామని చెబితే చాలు, చోడవరంలో ఎవరైనా అడిగే మొదటి మాట "ఇనుము ఏ కంపెనీది?" అని. మన ప్రాంతంలో ఆ ప్రశ్న వెనక చాలా ఉంది. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ వీధుల్లోకి వచ్చినవాళ్లలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, ఫ్యాక్టరీని జాతికి అంకితం చేసేసరికి 1992 వచ్చింది. ఆ ఉక్కు మన పునాదిలో ఉండాలనుకునేవాళ్లంటే నాకు గౌరవం. నేనూ వాళ్లలో ఒకణ్ణే. అయితే రాడ్డు మీద పేరు చూసుకుని నిశ్చింతగా కూర్చోవడం మాత్రం నాకు భయం కలిగిస్తుంది.

పేరు తర్వాత రకం చూడాలి. ఎఫ్‌ఈ 500, 500డి అని దుకాణంలో వినబడే మాటల్లో 500 అనేది బలం. చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల లాగుడు వరకూ రాడ్డు తట్టుకుంటుంది. డి ఉంటే తెగే ముందు మరింత సాగుతుంది. ఐఎస్ 1786 ప్రమాణం మామూలు 500కి 12 శాతం సాగుదల చాలంటుంది, 500డికి కనీసం 16 అడుగుతుంది. పెళుసుదనం తెచ్చే గంధకం, భాస్వరం హద్దు కూడా ఒక్కొక్కటీ 0.055 శాతం నుంచి 0.040కి దిగుతుంది. సాగే ఇనుమున్న బీమ్ మొయ్యలేని బరువు పడినప్పుడు ముందు పగుళ్లు చూపిస్తుంది, ఇంట్లోవాళ్లు బయటపడే వ్యవధి ఇస్తుంది. అంకె పెద్దదని 550 చేతిలో పెట్టే దుకాణాలున్నాయి. డి లేని 550కి సాగుదల 10 శాతమే. ఇంజనీరు డ్రాయింగులో ఏది రాస్తే అదే తెచ్చుకోండి. నన్నడిగితే రెండంతస్తుల ఇంటికి 500డి చాలు.

తూకం కూడా చూడండి. 12 మీటర్ల పొడవున్న 12 ఎంఎం రాడ్డు 10.66 కిలోలు, 8 ఎంఎం రాడ్డు 4.74 కిలోలు తూగాలి. కొద్ది తేడాను ప్రమాణం ఒప్పుకుంటుంది గానీ పదో వంతు లోటును ఒప్పుకోదు. పీసు లెక్కన కొంటే తక్కువ తూకం జేబుకు నష్టం. కిలోల లెక్కన కొంటే డబ్బు పోదు, పైగా రాడ్లు ఎక్కువే వస్తాయి. కానీ డ్రాయింగులో నాలుగు రాడ్లని రాసిన బీమ్‌లో సన్నబడ్డ నాలుగే పడతాయి. ఈ రెండో నష్టం ఏ బిల్లులోనూ కనబడదు.

ఇంత జాగ్రత్తగా తెచ్చిన ఇనుమును ఎవరి చేతిలో పెడుతున్నామన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం. గోవాడ రోడ్డులోనో మాడుగుల రోడ్డులోనో రంగులేసిన ఇల్లు చూసి మేస్త్రీని కుదుర్చుకుంటాం. రంగు అతని పని గురించి ఏమీ చెప్పదు. ఇనుము కట్టి, స్లాబు ఇంకా పోయని అతని సైటు ఒకటి చూపించమనండి. పిల్లర్ రింగుల కొనలు లోపలికి 135 డిగ్రీలు వంగి ఉన్నాయా, ఎల్ ఆకారంలో తేలిగ్గా వంచి వదిలేశారా? స్లాబు రాడ్ల కింద 20 ఎంఎం, పిల్లర్‌కు 40 ఎంఎం, పునాదికి 50 ఎంఎం కవర్ బ్లాకులున్నాయా, రాతి పిక్కలు దోపారా? బాల్కనీ దగ్గర తప్పకుండా ఆగండి. అక్కడ బరువు మోసే ఇనుము పైన ఉండాలి. కాంక్రీటు పోసేవాళ్ల కాళ్ల కింద అది అణిగి అడుక్కు పోతే, ఎంత మంచి ఉక్కయినా ఆ బాల్కనీని పట్టలేదు. దాన్ని పైన నిలబెట్టేవి ఇనుప కుర్చీలు. వాటికయ్యే ఖర్చు స్వల్పం, ఎగ్గొట్టేది మాత్రం ముందుగా వాటినే.

ఎందుకు ఎగ్గొడతారు? ఒక రాడ్ బెండర్ నాతో అన్నాడు: "అడుగు లెక్కన కుదిరినాక రింగు వంపు మీద ధ్యాసెక్కడుంటాది బాబూ, ఎదర సైటు మీదే ఉంటాది." మెటీరియల్‌తో సహా ఇచ్చేస్తే ఇనుము తగ్గించాలన్న ఆశ పుడుతుంది, ఉత్త లేబర్‌కిస్తే తొందర పుడుతుంది. ఇందులో మనిషి మంచిచెడ్డల కన్నా మనం కుదిర్చిన బేరానిదే ఎక్కువ పాత్ర. అందుకే నేను లేబర్ కాంట్రాక్టునే ఇష్టపడతాను, అందులోనూ ఇనుము పనికి విడిగా టన్ను లెక్కన కూలి మాట్లాడుకోవడం మేలంటాను. రింగుల మధ్య దూరం, వంపు, కవర్ బ్లాకులు, కుర్చీలు కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టాలి. డబ్బు విడతలు కూడా వీటితో ముడిపడాలి.

ఈ పట్టుదల యజమాని కోసమే కాదు. 2014 జూన్‌లో చెన్నై మౌలివాకంలో కడుతూ ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి పనికి వెళ్లినవాళ్లు. కట్టడంలో లోపముంటే మొదట దాని కిందుండేది కూలీలే. మన మూడు గదుల ఇంటి సెంట్రింగ్ కిందా వాళ్లే ఉంటారు.

కాబట్టి ఇనుము కట్టడం పూర్తయిన రోజుకీ స్లాబు పోసే రోజుకీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచండి. ఇంజనీరును పిలిచి పైకెక్కించండి, ప్రతి బీమ్ కూడలినీ ఫోటో తీసుకోండి, తప్పు దొరికితే విప్పి కట్టే కూలి మీరే ఇవ్వండి. స్లాబుకు ముహూర్తం పెట్టించేటప్పుడే ఆ ఒక్క రోజునూ లెక్కలో వేయమని పంతులుగారికి చెప్పండి.