‘రెండు వేల మాటలు’ ఎవరి చేతి ఆయుధం?

మా చదువరుల గోష్ఠిలో ఒక విద్యార్థి ఈమధ్య నన్నొక ప్రశ్న అడిగాడు. చెకోస్లొవేకియా రచయిత లుద్విక్ వాత్సులీక్ 1968లో రాసిన ‘రెండు వేల మాటలు’ ఇంగ్లీషు అనువాదం నా ముందు పెట్టి, "మాష్టారూ, ఇందులో విప్లవ వ్యతిరేకమైన వాక్యం ఏది? వేలు పెట్టి చూపించండి" అన్నాడు. అది ప్రతీఘాత విప్లవ ప్రణాళిక అని నేను చాలాసార్లు విన్నాను. ఒకటి రెండుసార్లు అన్నాను కూడా. చదివి మాత్రం అనలేదు. విమర్శకుడికి ఇంతకంటె సిగ్గుచేటు లేదు గనక, ఈ నాలుగు ముక్కలు.

వాత్సులీక్ 1926లో ఒక వడ్రంగి ఇంట పుట్టాడు. కుర్రతనంలో జ్లీన్ పట్టణంలో బాటా చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేశాడు. మన ఊళ్ళలో దుకాణాల మీద పేరు కనిపించే ఆ బాటాయే. 1966లో వచ్చిన అతని నవల ‘సెకీరా’, అంటే గొడ్డలి, తండ్రీ కొడుకుల కథ. తండ్రి సమష్టి వ్యవసాయం కోసం పాటుబడ్డ కమ్యూనిస్టు. అంటే మనం పెట్టుబడిదారీ రచయితలను తిట్టే తిట్లు ఇతనికి అతకవు. 1967 జూన్‌లో రచయితల మహాసభలో అధికారాన్ని సూటిగా విమర్శించినందుకు పార్టీ ఇతణ్ణి వెలివేసింది. 1968 జనవరిలో దూబ్చెక్ పార్టీ ప్రథమ కార్యదర్శి అయ్యాడు. ఏప్రిల్‌లో సంస్కరణల కార్యక్రమం వెలువడింది. జూన్ 26న పత్రికల మీద సెన్సారు రద్దయింది. మర్నాడే ‘రెండు వేల మాటలు’ అచ్చయింది. ఒక్క సాహిత్య వారపత్రికలోనే కాదు, కార్మిక సంఘాల దినపత్రికలోనూ, యువజనుల దినపత్రికలోనూ, వ్యవసాయదారుల దినపత్రికలోనూ. మొదట సంతకాలు చేసినవాళ్ళు డెబ్బైమంది దాకా ఉంటారు. పరుగువీరుడు ఎమిల్ జాతోపెక్, జిమ్నాస్టు వేరా చాస్లావ్‌స్కా వారిలో ఉన్నారు. తరవాత సంతకాలు లక్ష దాటాయి.

ఇక రచన సంగతి. ప్రకటన అనగానే మనకు బరువైన సమాసాలు గుర్తుకొస్తాయి. ఇందులో అవి లేవు. ఇది ఒక మనిషి పొరుగింటివాడితో అరుగు మీద కూచుని మాట్లాడినట్టుంటుంది. యుద్ధం తరవాత జాతిలో ఎక్కువమంది సోషలిజాన్ని ఆశతో ఆహ్వానించారనీ, అది తగని మనుషుల చేతుల్లో పడిందనీ మొదలు పెడతాడు. కార్మికుడు తానే ఏలుతున్నాననుకుంటే, అతని పేరు మీద ప్రత్యేకంగా తర్ఫీదైన అధికారులు ఏలారంటాడు. ఈ మాట శత్రువుల మాటా? మార్క్సు చదివిన ఏ కార్మికుడైనా అడగవలసిన మాట. ఆ తరవాత, కమ్యూనిస్టులను కాదని ఏ సంస్కరణా సాధ్యం కాదనీ, నిర్మాణమూ అనుభవజ్ఞులూ వాళ్ళ దగ్గరే ఉన్నారనీ, పార్టీలోని అభ్యుదయ వర్గానికి మద్దతివ్వాలనీ స్పష్టంగా చెబుతాడు. పార్టీని కూలదోయండి అన్న వాక్యం కోసం నేను మూడుసార్లు వెతికాను. లేదు.

మరి ఏం చెయ్యమంటాడు? అధికారం దుర్వినియోగం చేసినవాళ్ళను దిగిపొమ్మని స్థానికంగా అడగమంటాడు. సభలు, తీర్మానాలు, సమ్మెలు, వాళ్ళ గుమ్మాల ముందు పికెటింగు. ఆఖరికి వాళ్ళ పదవీ విరమణకు కానుక కొనడానికి చందాలు వసూలు చెయ్యడం! చట్టవిరుద్ధమైన పద్ధతులూ మోటు పద్ధతులూ వద్దంటాడు. చందాల మాట దగ్గర నేను నవ్వాను. విప్లవాన్ని కూలదోయడానికి బయల్దేరినవాడు ఇట్లా రాయడు.

ఒక్కచోట మాత్రం ఆయుధాల ప్రసక్తి వస్తుంది. బయటి సైన్యాలు జోక్యం చేసుకుంటాయన్న భయం అప్పటికే ఉంది. అట్లా జరిగితే మనం మర్యాదగా మన చోట నిలబడదాం, మనంతట మనం కయ్యానికి దిగవద్దు, మనం అప్పగించిన పని చేసే ప్రభుత్వానికి అవసరమైతే ఆయుధాలతోనైనా అండగా ఉంటామని చూపుదాం అంటాడు. ఆ ప్రభుత్వం ఎవరిది? కమ్యూనిస్టులది. ఈ వాక్యంలో "ఆయుధాలు" అన్న మాట ఒక్కటీ ఏరుకుని, "ప్రభుత్వానికి అండగా" అన్నదాన్ని వదిలేసి చదవడాన్ని విమర్శ అనరు.

కాని అట్లాగే చదివారు. ప్రచురణ జరిగిన రాత్రే చెకోస్లొవాక్ పార్టీ అధ్యక్షవర్గం దాన్ని ఖండించింది. జులై 11న ‘ప్రావ్దా’ దీన్ని సోషలిస్టు పునాదుల మీద దాడిగా వర్ణించి, 1956 నాటి హంగరీని గుర్తు చేసింది. ఆగస్టు 20 రాత్రి సోవియట్, పోలిష్, హంగేరియన్, బల్గేరియన్ సైన్యాలు సరిహద్దులు దాటాయి. ఆగస్టు 22న ప్రాగ్‌లోని వీసొచానీ ఫ్యాక్టరీలో, కార్మికుల కాపలాలో, పార్టీ మహాసభ రహస్యంగా జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధులు ఆక్రమణను ఖండించారు. కార్మికవర్గం ఫ్యాక్టరీలో పార్టీని దాచుకుంటుంటే, బయట కార్మికవర్గ రక్షణ పేర టాంకులు తిరిగాయి! దీనికి మన సిద్ధాంత గ్రంథాల్లో ఏ పేరు పెడదాం?

భయాలన్నీ బూటకమని నేననను. 1938లో మ్యూనిక్‌లో పాశ్చాత్యులు ఆ దేశాన్ని హిట్లరుకు అప్పగించిన సంగతీ, 1968లో అమెరికా వియత్నాం మీద బాంబులు కురిపిస్తున్న సంగతీ మరిచి మాట్లాడితే అదొక అన్యాయం. భద్రతామండలిలో ఖండన తీర్మానం వచ్చినప్పుడు మన దేశమే ఓటు వెయ్యకుండా ఊరుకుంది. దాన్ని నిరసించి అశోక్ మెహతా మంత్రి పదవి వదులుకున్నాడు. కాని భయం ఒక రచనకు లేని అర్థాన్ని కల్పించదు. "ఇది ఎవరి చేతికి ఆయుధమిస్తుంది?" అన్న ప్రశ్నతో మనం ఎన్ని కథలనూ కవితలనూ చదవకుండానే కొట్టిపారేశామో! ఆ ప్రశ్న తప్పు కాదు. రచనలో ఏముందో చదివి తెలుసుకున్న తరవాత అడగవలసిన ప్రశ్న అది. మనం దాన్ని చదువుకు బదులుగా వాడుకున్నాం.

‘రెండు వేల మాటలు’ లోపం లేనిదా? ఉంది, అది చిన్నదీ కాదు. పార్టీ అధికార యంత్రంగా మారడంతో స్వార్థపరులూ పిరికివాళ్ళూ అందులో చేరారంటాడు. యంత్రం ఎందుకు అట్లా తయారయింది? ఏ ఆర్థిక సంబంధాలు, ఏ నిర్మాణ సూత్రాలు దాన్ని అట్లా తయారు చేశాయి? ఇక్కడ వాత్సులీక్ నవలాకారుడుగానే ఆగిపోయాడు. మనుషుల స్వభావం చూపించాడు గాని మూలం చూపలేదు. తగని మనుషులను దింపి తగినవాళ్ళను ఎక్కిస్తే చాలునన్న భ్రమకు అది తావిస్తుంది. వామపక్ష విమర్శకుడు ఈ రచనతో పోట్లాడవలసింది ఇక్కడ. ఈ పోట్లాట జరగవలసిన పత్రికలను టాంకుల తరవాత మూయించారు. 1969 ఏప్రిల్‌లో దూబ్చెక్ స్థానంలో హుసాక్ వచ్చాడు. తరవాతి ఏరివేతలో మూడు లక్షలమందికి పైగా పార్టీ సభ్యత్వం కోల్పోయారు. వాత్సులీక్‌కు అచ్చు నిషిద్ధమయింది. అతను మిత్రుల రచనలను కార్బను కాగితాల మీద టైపు చేయించి, కుట్టించి, ‘పెత్లిత్సే’ అనే పేరుతో పంచాడు. ఆ మాటకు అర్థం తలుపు గడియ.

1989 డిసెంబరులో, దాడికి బాధ్యులైన అయిదు దేశాలూ అది తప్పని ఒప్పుకున్నాయి. వాత్సులీక్ 2015 దాకా బతికాడు.

ఆ కుర్రవాడి కాగితాలు ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి. వచ్చే గోష్ఠిలో తిరిగి ఇచ్చేటప్పుడు, నేను వేలు పెట్టదగిన వాక్యం దొరకలేదని చెప్పాలి. స్వార్థపరుల గురించి రాసిన పేరా దగ్గర పెన్సిలుతో ఒక గీత మాత్రం గీశాను.