రెవెరెంతె – రెవెరెందో: అర్థవివేచనము

స్పానిషు భాషయందు గౌరవార్థకములైన విశేషణములలో 'రెవెరెంతె' యనునది యొకటి. దీనిని 'పూజ్యమైన', 'గౌరవనీయమైన' యని తెలుఁగు చేయుట పొసఁగదు. అట్లు చేసినచో నమస్కరించువాఁడు నమస్కారము నందుకొనువాఁడుగా మాఱిపోవును.

ఈ శబ్దమునకు మూలము లాటినులోని 'రెవెరేరి' యను క్రియ. అందు భయమును గౌరవమును రెండును గలసియున్నవి. తెలుఁగువారి 'భయభక్తులు' దానికి మిక్కిలి సన్నిహితము. ఆ క్రియకు వర్తమానార్థప్రత్యయము చేరఁగా నేర్పడిన రూపము స్పానిషున 'రెవెరెంతె' యయ్యెను. అర్హార్థప్రత్యయము చేరఁగా నేర్పడినది 'రెవెరెందో' యయ్యెను. మొదటిది మన శతృశానజంతములవలెఁ గర్తను జెప్పును. రెండవది 'అనీయర్' ప్రత్యయాంతమువలెఁ గర్మను జెప్పును. రూపమునందును భేదము గలదు. 'రెవెరెంతె' స్త్రీపుంలింగములందు సమానము. 'రెవెరెందో' స్త్రీలింగమున 'రెవెరెంద' యగును.

కావున ప్రార్థనామందిరమునఁ దలవంచి నిలిచినవాఁడు 'రెవెరెంతె'. వేదికకడ నున్న గురువు 'రెవెరెందో'. మన క్రైస్తవగురువుల పేళ్లకుముందు వినవచ్చు 'రెవరెండు' ఆంగ్లముమూలముగా వచ్చిన యీ రెండవ శబ్దమే.

'రెవెరెంతె' మౌనమునకును విశేషణమగును గదా, మౌనము గౌరవింపఁజాలదు గావున నచ్చటనైనఁ గర్మార్థమును గ్రహింపరాదా యని శంక కలుగవచ్చును. గ్రహింపరాదు. మౌనము వహించినవాని ధర్మము మౌనమునం దుపచారముచే నారోపింపఁబడినది. అది గౌరవమును దెలుపు మౌనమేకాని గౌరవింపఁదగిన మౌనము కాదు.

వ్యవహారమున నింకొక విశేషము గలదు. అమెరికాఖండమునందలి కొన్ని స్పానిషు వాడుకలలో 'రెవెరెందో' శబ్దము తెలివితక్కువతనము మొదలగువానికి విశేషణమై 'పరమ' యను నర్థము నిచ్చును. ఇది వింతగాదు. అశోకుని శాసనములందు బిరుదైన 'దేవానాంప్రియ' శబ్దమును భట్టోజిదీక్షితుఁడు సిద్ధాంతకౌముదియందు మూర్ఖార్థమున సాధించెను. తెలుఁగున 'పూజ్యము' సున్నకుఁ బేరయ్యెను.

గౌరవము నందుకొను పదము పరిహాసమునకు లోనయ్యెను. గౌరవము నొసఁగు పదము తన యర్థమును నిలుపుకొన్నది. ఈ తారతమ్య మెఱిఁగి, 'రెవెరెంతె'కు 'భయభక్తులుగల', 'సగౌరవమైన' యనియు, బిరుదైన 'రెవెరెందో'కు 'పూజనీయ' యనియు ననువదించుట యుక్తము.